పుచ్చా, మచ్చా? పురుగు చంపిన స్ప్రూస్‌తో విప్పి మళ్లీ కట్టే చావిడి

రెండు రోజుల్లో విప్పేద్దామనుకున్న చావిడికి ఐదు రోజులు పట్టింది. మొత్తం 64 చెక్క చీలల్లో 53 సుత్తి దెబ్బకు బయటికొచ్చాయి. 11 రాలేదు. ఈ కేస్ స్టడీ రాస్తున్నది ఆ 11 కోసమే. కట్టినప్పటి ఫోటోలు అందరూ పెడతారు, మేమూ పెట్టాం. "విప్పి మళ్లీ కట్టుకోవచ్చు" అని డ్రాయింగ్ మీద రాసుకున్న కట్టడాన్ని నిజంగా విప్పితే ఏమైందన్న లెక్క మాత్రం నాకు ఎక్కడా పెద్దగా కనబడలేదు.

జర్మనీ మధ్యలో హార్ట్స్ కొండలున్నాయి. అన్నిటికంటే ఎత్తైన బ్రోకెన్ శిఖరం 1,141 మీటర్లు. గనుల కోసం శతాబ్దాల పాటు అడవి నరికారు. తిరిగి నాటేటప్పుడు తొందరగా, నిటారుగా పెరుగుతుందని ఎక్కువ చోట్ల స్ప్రూస్ అనే సూదాకుల చెట్టు ఒక్కటే నాటారు. 2018 జనవరి 18న ఫ్రీడరికె తుఫాను వచ్చి చెట్లను పడగొట్టింది. ఆ వేసవి నుంచి కరువు మొదలైంది. పడిన చెట్లలో పెరిగిన బెరడు పురుగు, దాహంతో నిలబడి ఉన్న చెట్ల మీద పడింది. 2020లో జర్మనీ మొత్తం మీద నరికిన కలప 8.04 కోట్ల ఘనపు మీటర్లయితే, అందులో సగానికి పైగా, అంటే సుమారు 4.3 కోట్లు, పురుగుల వల్ల నరకాల్సి వచ్చినదే. ఇప్పుడు అక్కడ కారులో వెళ్తుంటే కొండలకు కొండలే బూడిద రంగులో కనబడతాయి.

మాకు పని ఇచ్చింది చిన్న అడవి యజమానుల సంఘం ఒకటి. చచ్చిన స్ప్రూస్ తీసేసిన చోట రకరకాల మొక్కలు కలిపి నాటుతున్నారు. మొక్కల ట్రేలు పెట్టుకోవడానికి, పనిముట్లు దాచుకోవడానికి, వానొస్తే తలదాచుకుని భోజనం చేయడానికి వాళ్లకు ఒక చావిడి కావాలి. 6 మీటర్ల వెడల్పు, 9 మీటర్ల పొడవు, గోడలుండవు. రెండేళ్ల తర్వాత నాట్లు ఇంకో కొండవాలుకి మారతాయి, చావిడీ వాటితో పాటు వెళ్లాలి. విప్పగలిగేలా ఉండాలన్నది అలా వాళ్ల అవసరంగానే వచ్చింది, మేం తగిలించిన ఆదర్శం కాదు. 2022 సెప్టెంబర్‌లో నిలబెట్టాం, 2024 ఏప్రిల్‌లో విప్పాం.

పురుగు ఏం తింటుంది, ఏం తినదు

ఈ పురుగు పొడవు 4 నుంచి 5.5 మిల్లీమీటర్లు, అంటే బియ్యపు గింజంత కూడా ఉండదు. మగ పురుగు బెరడు తొలుచుకుని లోపలికి వెళ్లి వాసనతో మిగతావాటిని పిలుస్తుంది. ఆడవి బెరడు కింద నిలువుగా సొరంగాలు తవ్వి గుడ్లు పెడతాయి, పిల్లలు అడ్డంగా తవ్వుకుంటూ పోతాయి. బలంగా ఉన్న చెట్టయితే బంక కార్చి పురుగును ముంచేస్తుంది. నీళ్లు లేని చెట్టులో ఆ బంకకు ఒత్తిడి ఉండదు. చెట్టు మొదట్లో నశ్యం లాంటి గోధుమరంగు పొడి రాలి ఉంటే పురుగు లోపలికి వెళ్లిపోయినట్టే.

ఇక్కడ తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఈ పురుగు తినేది బెరడు లోపలి మెత్తటి పొరని, కలపని కాదు. చెట్టుని చంపుతుంది గానీ దూలాన్ని తొలవదు. దాని వెంట వచ్చిన శిలీంధ్రం కలపలోకి దిగి నీలం, బూడిద రంగు మచ్చలు పెడుతుంది. ఆ శిలీంధ్రం కూడా కణాల్లో మిగిలిన చక్కెరల మీదే బతుకుతుంది, కలపకు బలాన్నిచ్చే గోడల జోలికి పెద్దగా వెళ్లదు.

రాజమండ్రి దగ్గర కలప అడితి నడిపే మా బావకు మొదటి రోజే వాట్సాప్‌లో ఒక పలక ఫోటో పంపాను. వెంటనే ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, ఇది పుచ్చా, మచ్చా?" అన్నాడు. మేం నెల రోజులు మీటింగుల్లో నలిపిన ప్రశ్న అదే. మచ్చ అయితే రంగు తేడా, అంతే. పుచ్చు అయితే పొయ్యిలోకి. జర్మనీలో కలపను బలాన్ని బట్టి వేరు చేసే డిన్ 4074 ప్రమాణం చెప్పేదీ ఇదే: నీలి మచ్చ ఉండొచ్చు, పచ్చి కలపలో పురుగు చేసిన 2 మిల్లీమీటర్ల లోపు కన్నాలు ఉండొచ్చు, మెత్తబడిన పుచ్చు మాత్రం ఉండకూడదు. ఇంత స్పష్టంగా రాసి ఉన్నా, నీలం కనబడగానే ధర పడిపోతుంది. బలం తగ్గకుండా ధర తగ్గడం మా ప్రాజెక్టుకు కలిసొచ్చింది. అడవి యజమానికి మాత్రం అది దెబ్బే.

ప్రతి పురుగు విషయంలోనూ ఇలా అనుకోవద్దు. 1990ల చివర్లో మధ్యప్రదేశ్ సాల అడవులను దెబ్బతీసిన పురుగు దుంగ లోపలి దాకా వేలు దూరేంత కన్నాలు చేస్తుంది. ఆ కలపతో ఇక్కడ చెప్పిన పద్ధతులేవీ నడవవు.

ఊళ్లో ఒక పెద్దావిడ వచ్చి, "ఈ పురుగు మా ఇంటి కప్పుకి ఎక్కదు కదా?" అని అడిగారు. ఎక్కదు. దీనికి పచ్చి బెరడు కావాలి, ఎండిన కలపలో బతకలేదు. పైగా మేం బెరడు పూర్తిగా ఒలిచి, కలప నడిబొడ్డు 56 డిగ్రీల వేడిలో అరగంట ఉండేలా బట్టీలో పెట్టాం. ఇళ్ల కప్పుల్ని తొలిచే పురుగు వేరే జాతి. ఈ మాట ఆవిడకు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. మూడోసారి ఆవిడే పక్కింటివాళ్లకు చెప్పారు.

అసలు శత్రువు పగులు

పురుగు చంపిన చెట్టు నిలబడే ఎండుతుంది. ఎండుతూ పగులుతుంది. స్ప్రూస్ పోగులు నిటారుగా ఉండవు, కాస్త మెలి తిరిగి ఉంటాయి. పగులూ పోగు వెంటే తిరుగుతుంది. అలాంటి దుంగను మామూలుగా కోస్తే పగులు పలకను ఏటవాలుగా దాటి, మధ్యలో రెండు ముక్కలు చేస్తుంది. చెట్టు చచ్చి ఎన్నాళ్లయిందన్నది అందుకే ముఖ్యం. ఏడాది దాటితే పగుళ్లు లోతెక్కుతాయి. రెండేళ్లు దాటాక మానుకి ఎర్ర అంచు పుట్టగొడుగులు కనబడ్డాయంటే మచ్చ దశ దాటి పుచ్చు దశకి వచ్చేసినట్టు. చచ్చి పది నెలల లోపున్న చెట్లే మేం అడిగాం. వచ్చినవన్నీ అలాంటివి కావు.

38 దుంగలు వచ్చాయి, ఒక్కోటి 4 మీటర్లు. బెరడు ఒలిచి, చేతిలో పట్టుకునే స్కానర్‌తో ఒక్కో దుంగ రూపాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాం. ముందు స్కానర్ పగుళ్లను పట్టుకుంటుందనుకున్నాం. సన్నవి పట్టుకోలేదు. చివరికి మా వడ్రంగి మేస్త్రీ ప్రతి పగులు మీదా నీలం సుద్దతో గీత గీశారు, ఆ గీతను స్కానర్ చక్కగా చదివింది. మా డిజిటల్ పద్ధతిలో అన్నిటికంటే బాగా పనిచేసిన పరికరం ఆ సుద్దముక్కే.

గీతలు చేతికి వచ్చాక లెక్క తేలిక. దుంగను సామిల్లులో ఏ కోణంలో తిప్పి పెడితే లోతైన పగులు రంపం కోతలోకో, పారేసే అంచులోకో పోతుందో ప్రోగ్రాం చెబుతుంది. పగులు మెలి తిరుగుతుంది కాబట్టి ఇది పొట్టి ముక్కల్లోనే కుదురుతుంది. 4 మీటర్లలో 30 డిగ్రీలు తిరిగే పగులు, 2 మీటర్ల ముక్కలో 15 డిగ్రీలే తిరుగుతుంది. చావిడి ఆకారం నిర్ణయమైంది ఇక్కడే. 6 మీటర్ల వెడల్పును ఒక్క దూలంతో దాటించడం మానేసి, 3.6 మీటర్లకు మించని ముక్కలతో నాలుగు ఫ్రేములు పెట్టాం. రెండేసి స్తంభాలు, వాటి మీద జంట పలకల వాసాలు, మధ్యలో అడ్డకర్ర. అందం కోసం జంట పలకలు పెట్టామని కొందరు మెచ్చుకున్నారు. పగుళ్లు పెట్టించాయి, మేం కాదు.

కోసి ఎండబెట్టిన ప్రతి పలకనూ రెండు నురుగు దిమ్మెల మీద ఉంచి, కొసన చిన్న సుత్తితో కొట్టి ఆ మోతను రికార్డు చేశాం. గట్టి పలక ఖంగుమంటుంది, లోపల లొసుగున్నది డొల్లగా మోగుతుంది. కుండను వేలితో కొట్టి చూడటం లాంటిదే, కాకపోతే చెవి బదులు మైకు. 3 మీటర్ల పలక సెకనుకి 800 సార్లు కంపిస్తే, పొడవును రెట్టింపు చేసి కంపనాలతో గుణిస్తే ధ్వని వేగం 4,800 మీటర్లు. దాన్ని వర్గం చేసి సాంద్రత 430తో గుణిస్తే బిగువు, అంటే బరువుకు వంగకుండా నిలిచే గుణం, సుమారు 9.9 గిగాపాస్కల్స్. సీ24, సీ16 అనేవి కలప బలం తరగతులు; ప్రమాణం చెప్పే సగటు సీ24కి 11, సీ16కి 8. మా పలకలు చాలావరకు ఆ రెండింటి మధ్యే పడ్డాయి. లైసెన్సు ఉన్న గ్రేడర్ కంటితో చూసి ఇచ్చిన తరగతే కాగితాల మీద లెక్క. మోత లెక్కను మేం ఏ పలక ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోవడానికి మాత్రమే వాడాం.

ఉన్న పలకల్ని కావలసిన ముక్కలకు జత చేయడం పాత లెక్కే. 1955లో హెరాల్డ్ కూన్ రాసిన హంగేరియన్ పద్ధతి దానికి సరిపోతుంది. మొదటిసారి వృథా తక్కువ కావాలని మాత్రమే అడిగాం. ప్రోగ్రాం మాట విని, అన్నిటికంటే బలహీనమైన పలకల్ని ఎక్కువ బరువు పడే భుజం కీళ్ల దగ్గర పెట్టింది. తప్పు దానిది కాదు, అడిగిన తీరుది. బిగువును కూడా లెక్కలో చేర్చాక 24 దుంగల్లోంచి 92 ముక్కలూ వచ్చాయి.

రోబో ఎందుకు వాడలేదని అడుగుతుంటారు. అమెరికాలో ఇథాకా దగ్గర హన్నా అనే సంస్థ, కార్నెల్ విశ్వవిద్యాలయ ల్యాబ్‌తో కలిసి 2019లో కట్టిన ఆషెన్ క్యాబిన్‌లో రోబో చేతికి బ్యాండ్‌సా (పట్టీ రంపం) తగిలించారు. అక్కడ చెట్లు ఆష్ జాతివి. 2002లో మిచిగన్‌లో బయటపడిన పచ్చ పురుగు పట్టినవి, వంకర టింకరవి, మామూలు సామిల్లు ముట్టుకోనివి. వంకరను వంకరగానే కోయడానికి అక్కడ రోబో కావాలి. స్ప్రూస్ పోగు మెలి తిరిగినా మాను నిటారుగా ఉంటుంది. మామూలు సామిల్లు, ఆ తర్వాత వడ్రంగి షెడ్డులో ఉండే ఐదు అక్షాల సీఎన్‌సీ మిషన్ (కంప్యూటర్ నడిపే చెక్కుడు మిషన్) మాకు చాలు. దుంగల్ని ఏరి, స్కాన్ చేసి, మోత వినడానికి 74 గంటలు పట్టింది. 92 ముక్కల కీళ్లు చెక్కడానికి మిషన్‌కు పట్టింది 13 గంటలు. ఎవరైనా డిజిటల్ ఫ్యాబ్రికేషన్ అనగానే మిషన్ ధర అడిగితే నేను ముందు ఈ రెండు అంకెలూ చెబుతాను.

కీలు

ఎడ్లబండి చక్రం ఊడిపోకుండా ఇరుసు కొసన కడసీల గుచ్చుతారు. చక్రం బాగు చేయాలంటే సీల పీకితే చాలు, ఏదీ విరగ్గొట్టక్కర్లేదు. మా కీలుకి మూలం అదే. వాసం కొసను నాలుకలా చెక్కి, స్తంభంలో తొలిచిన బెజ్జంలోంచి అవతలికి పంపి, బయటికొచ్చిన నాలుకకు అడ్డంగా ఏటవాలు చీల బిగించాం. చీల వాలు పదికి ఒకటి. కలప మీద కలపకు ఉండే రాపిడికి ఆ వాలు దానంతట అది జారదు, సన్న కొసన కొడితే వెనక్కి వస్తుంది. ఫ్రేముకు 12 చొప్పున 48, పొడవు దూలాల దగ్గర 16. జిగురు లేదు, కీళ్లలో ఇనుము లేదు. పునాదికి కాంక్రీటు బదులు నేలలోకి తిప్పి దించే ఇనుప మరలు. పైన రేకులకు మాత్రం స్క్రూలు.

కలపను తొలిచే రూటర్ బిట్టు గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి బెజ్జం మూలలు పదునుగా రావు. ఉలితో సరిచేసే బదులు నాలుక మూలల్నే గుండ్రంగా చెక్కాం. నాలుకకూ బెజ్జానికీ మధ్య ఒక్కో వైపు 0.3 మిల్లీమీటర్ల సందు వదిలాం. షెడ్డులో కీళ్లన్నీ చేత్తో తోస్తే దిగిపోయాయి. ఆ సాయంత్రం అందరం చాలా సంతోషంగా ఇళ్లకు వెళ్లాం.

విప్పిన రోజు

రాని 11 చీలల్లో ఐదింటికి కారణం చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. సుత్తికి చోటు లేదు. చీలను బిగించేటప్పుడు లావు కొసన కొడతాం, విప్పేటప్పుడు సన్న కొసన కొట్టాలి. పొడవు దూలం ఎక్కించాక ఆ సన్న కొసలు దూలానికి నాలుగు వేళ్ల దూరంలో ఇరుక్కున్నాయి. కట్టే వరసను కంప్యూటర్లో ముక్క ముక్కగా ఆడించి, ఏదీ ఏదానికీ తగలడం లేదని చూసుకున్నాం. విప్పే వరస అంటే దాన్ని వెనక్కి నడపడమే కదా అనుకున్నాం. ముక్కలు వెనక్కి వస్తాయి, నిజమే. సుత్తి పట్టుకున్న చెయ్యి ఆ బొమ్మలో లేదు. దాదాపు రెండు రోజులు ఆ ఐదింటి దగ్గరే పోయాయి.

నాలుగు బిగుసుకుపోయాయి. షెడ్డులో చెక్కినప్పుడు కలపలో తేమ 12 శాతం. చావిడి కింద రెండు చలికాలాలు గడిపాక కొలిస్తే 18. పోగుకు అడ్డంగా స్ప్రూస్, తేమ ఒక శాతం పెరిగితే సుమారు 0.25 శాతం ఉబ్బుతుంది. మా నాలుక వెడల్పు 120 మిల్లీమీటర్లు, కాబట్టి 1.8 మిల్లీమీటర్లు ఉబ్బింది. రెండు వైపులా కలిపి మేం వదిలిన సందు 0.6. స్తంభంలో బెజ్జం పొడుగు దిశ పోగు వెంట ఉంటుంది, ఆ దిశలో కలప ఉబ్బదు. అంటే నాలుక ఉబ్బింది, నోరు ఉబ్బలేదు. వానాకాలం తలుపు బిగుసుకుపోవడం చూస్తూ పెరిగినవాణ్ని, ఈ లెక్క చేసుకోకుండా 0.3 ఎలా రాశానో తెలియదు. దీనికి తోడు నీలి మచ్చ ఉన్న కలప మామూలు దానికంటే నీటిని త్వరగా పీల్చుకుంటుంది. బీచ్ అనే చెట్టు కలపతో చీలలు పెట్టడం మరో తప్పు, అది బాగా ఉబ్బే కలప.

ఇంకో సంగతి. ఎండలో ఆ నాలుకలు తిరిగి చిక్కుతాయి. చలికాలంలో బెజ్జానికి ఒత్తుకుని నలిగిన అంచు మాత్రం మళ్లీ మునుపటిలా లేవదు. వేసవిలో కీళ్లు కొద్దిగా వదులై, గాలికి కిర్రుమంటున్నాయని సంఘం వాళ్లు ముందే చెప్పారు. అప్పుడు చీలలు బిగించి వచ్చేశాం. ఆ కిర్రును సరిగా విని ఉంటే చలికాలంలో ఏం జరగబోతోందో అప్పుడే తెలిసేది.

మిగిలిన రెండు చీలలు విప్పేటప్పుడే విరిగిపోయాయి. డ్రిల్లుతో తొలిచి తీశాం. రేకుల స్క్రూల గోల వేరు, తల అరిగినవి కోసి పారేశాం. 92 ముక్కల్లో 87 మళ్లీ వాడేలా బయటపడ్డాయి.

ముక్కలకు అంటించిన క్యూఆర్ స్టిక్కర్లలో సగం మొదటి చలికాలానికే రాలిపోయాయి. అదృష్టం కొద్దీ మేస్త్రీ పట్టుబట్టి ప్రతి ముక్క కొసనా రూటర్‌తో నంబర్ చెక్కించారు. హార్ట్స్ అంచునే క్వెడ్లిన్‌బర్గ్ ఊరుంది. కర్ర చట్రాల ఇళ్లు రెండు వేలకు పైగా ఉన్న ఊరు, 1994 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. ఆ ఇళ్ల దూలాల మీద వడ్రంగులు ఉలితో చెక్కిన రోమన్ అంకెలు ఈనాటికీ కనబడతాయి. నేల మీద చట్రం జోడించి చూసుకుని, విప్పి, ఇంటి దగ్గర మళ్లీ నిలబెట్టడానికి పెట్టుకున్న గుర్తులవి. మేస్త్రీ నాకు ఆ గుర్తులు చూపించింది మేం స్టిక్కర్లు ప్రింటు చేయడానికి ముందే.

రెండోసారి

కొత్త కొండవాలు మీద మే నెలలో మూడు రోజుల్లో నిలబెట్టాం. కీలు ఆకారం మారింది. వాసం బరువును మోసేది నాలుక కింది అంచు, పై అంచు బిగుతుగా ఉండక్కర్లేదు. అందుకని పై అంచును 2 మిల్లీమీటర్లు చిత్రిక పట్టేశాం, సందును చీల చూసుకుంటుంది. చీలలన్నీ ఓక్‌వి. ఇరుక్కున్న ఐదు చోట్ల చీలను తిప్పి, సన్న కొస బయటి వైపు వచ్చేలా బెజ్జం మళ్లీ చెక్కాం. ప్రోగ్రాంలో ఇప్పుడు ప్రతి చీల సన్న కొస ముందూ 25 సెంటీమీటర్ల ఖాళీ డబ్బా ఒకటి ఉంటుంది. దానిలోకి ఏ ముక్క వచ్చినా ఎర్రగా చూపిస్తుంది. కొత్తగా చెక్కే ముక్కల్ని ముందు మూడు వారాలు చావిడి కిందే పేర్చి, అక్కడి తేమకు అలవాటు పడ్డాకే మిషన్‌కు పంపుతున్నాం.

పోయిన ఐదు ముక్కలకు బదులు చెక్కడానికి మళ్లీ దుంగలు అడిగాం. వచ్చిన ఆరింటిలో మూడు డొల్లగా మోగాయి. కోసి చూస్తే పుచ్చే. అవి చచ్చి రెండేళ్లు దాటిన చెట్లట. ఈ కలపను ఎప్పుడంటే అప్పుడు తెచ్చుకునే నిల్వగా లెక్కేయడం కుదరదు.

సంఘంతో కొత్త ఒప్పందంలో ఒక వాక్యం చేర్పించాం: విప్పే పని ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో, కలప తేమ 15 శాతం లోపు ఉన్నప్పుడే చేయాలి. వాళ్ల లాయరు ఫోన్ చేసి, ఇలాంటి షరతు కట్టడాల ఒప్పందంలో ఎప్పుడూ చూడలేదు, నిజంగా ఉంచాలా అని అడిగారు. ఉంచమన్నాం.